లోట్రెక్ వెంట ప్యారిస్, ఆల్బీ: బాబాయితో అయిదు రోజులు

ప్యారిస్ వెళ్లొచ్చామంటే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఈఫిల్ టవర్ గురించి. రెండోది కాస్త గొంతు తగ్గించి అడుగుతారు, "మూలన్ రూజ్ షో చూశారా?" అని.

చూడలేదు. నేను వెళ్లింది మా బాబాయితో. అరవై తొమ్మిదేళ్ల పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒంటి మీద ఈకలూ పూసలూ తప్ప పెద్దగా ఏమీ లేని డాన్సర్లను రెండు గంటలు చూసే ధైర్యం నాకు లేదు. ఆయనకూ లేదు గానీ ఒప్పుకోడు.

"టికెట్ ఎంతమ్మా?"

"తక్కువలో తక్కువ తొంభై యూరోల దాకా ఉంటుంది బాబాయ్. డిన్నర్‌తో అయితే రెండొందలు దాటుతుంది. రాత్రి తొమ్మిదికి ఒక ఆట, పదకొండుకి ఒక ఆట."

"వద్దులే. అది నేను కళ్లలో చుక్కలు వేసుకునే టైమ్."

అలా ఆ టెన్షన్ తీరిపోయింది. అసలు మేం బయల్దేరింది ఆ షో కోసం కాదు. నూట పాతికేళ్ల కిందట చనిపోయిన ఒక పొట్టి మనిషి గీసిన వాల్‌పోస్టర్ కోసం.

బాబాయి విజయవాడ గాంధీనగర్‌లో ముప్పై ఏళ్లు సినిమా బ్యానర్లు గీశాడు. ఫ్లెక్సులొచ్చాక కొన్నాళ్లు స్కూళ్ల గోడల మీద, లారీల వెనక రాసి, చెయ్యి వణకడం మొదలయ్యాక మానేశాడు. రెండు నెలలు నా దగ్గర ఉందామని ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చినప్పుడు పన్ను నొప్పి పట్టుకుంటే డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆ వెయిటింగ్ రూమ్ గోడకి ఒక పోస్టర్ ఉంది. పసుపు పచ్చ దీపాల వరస, వెనక నల్లటి నీడల్లా జనం, మధ్యలో కాలు పైకెత్తిన డాన్సర్, ఆమెకు అడ్డంగా ముందు బూడిద రంగులో ఒక టోపీ మనిషి. నొప్పి మర్చిపోయి లేచి దగ్గరికి వెళ్లాడు.

"ఎవరు గీశారిది? డాన్సర్ మొహం కంటే కాలే ముందు కనిపిస్తోంది. పైగా ఆ ముందున్నవాడు అడ్డం. ఇలా గీసిస్తే మా ఓనరు కూలి కోసేవాడు." నర్సు పిలిచింది. లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి చూసి, "కానీ రోడ్డు అవతలి నుంచైనా ఆపేస్తుంది మనిషిని" అన్నాడు.

ఆ పోస్టర్ 1891లో మూలన్ రూజ్ క్యాబరే కోసం ఫ్రెంచ్ చిత్రకారుడు అంరీ ద తులూజ్ లోట్రెక్ గీసింది. ఆయన వేసిన మొట్టమొదటి పోస్టర్ అదే. అప్పటికి మూలన్ రూజ్ తెరిచి రెండేళ్లు. అందులో కాలెత్తిన ఆవిడ లూయీజ్ వెబర్, జనం పెట్టిన పేరు లా గులూ, అంటే తిండిపోతు. అలా మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ సెప్టెంబరు చివర్లో టికెట్లు బుక్ చేశాను. ప్యారిస్‌లో మూడు రాత్రులు, లోట్రెక్ పుట్టిన ఊరు ఆల్బీలో రెండు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ప్యారిస్ ఎస్ట్ స్టేషన్‌కి రైల్లో నాలుగు గంటలు. ఎయిర్‌పోర్టుల హైరానా లేదు, ఊరి నడిబొడ్డున దిగుతాం. ముందుగా బుక్ చేసుకుంటే చవకే. ప్రయాణంలో ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

బస దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. మూలన్ రూజ్‌కి నడిచే దూరంలో ఉండాలని పిగాల్ వైపు ఒక చిన్న హోటల్ తీసుకున్నాను. వెబ్‌సైట్లో లిఫ్ట్ ఉందని రాశారు. ఉంది. అది నాలుగో అంతస్తు దాకానే వెళ్తుంది, మా గదులు అయిదులో. మిగిలిన అంతస్తు గుండ్రంగా తిరిగే చెక్కమెట్లు, ఒక మనిషి, ఒక సూట్‌కేసు కలిసి పట్టనంత ఇరుకు. కింద కౌంటర్లో అబ్బాయి చాలా మర్యాదగా నవ్వి, హోటల్ నిండిపోయిందన్నాడు. బుకింగ్‌లో కనపడని టూరిస్ట్ ట్యాక్స్ కూడా అక్కడే కట్టించుకున్నాడు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు "లిఫ్ట్ ఉందా" అని అడగొద్దు, "నా గది ముందు దాకా లిఫ్ట్ వస్తుందా" అని అడగండి.

ఇంకో మాట. పిగాల్ రాత్రిపూట ఎలా ఉంటుందో తెలిసి కూడా నేను అక్కడే తీసుకోవడం నా తప్పే. బూలెవార్ పొడుగునా ఎర్ర లైట్ల షాపులు, వాటి అద్దాల్లో పెట్టినవి చూసి బాబాయి మొదటిరోజు నడకంతా ఆకాశంలోకి చూస్తూ నడిచాడు. మళ్లీ వెళ్తే మోన్‌మార్త్ర్ కొండకి అవతలి వైపు, లమార్క్ కోలాంకూర్ మెట్రో దగ్గర తీసుకుంటాను. కోలాంకూర్ వీధి చెట్లతో, మామూలు సంసారుల ఇళ్లతో ప్రశాంతంగా ఉంటుంది. లోట్రెక్ స్టూడియో కూడా ఏళ్ల తరబడి ఆ వీధి, తూర్లాక్ వీధి కలిసే మూలనే ఉండేది. అంటే ఆయన కూడా క్యాబరేలకు నడిచివెళ్లే దూరంలో, కానీ వాటి గొడవకు కాస్త ఎడంగా ఉన్నాడన్నమాట. నాకా తెలివి లేకపోయింది.

తిండికి పిగాల్ వల్ల ఒక లాభం మాత్రం ఉంది. మెట్రో రెండో లైన్ ఎక్కితే కొన్ని నిమిషాల్లో లా షాపెల్. అక్కడ దిగితే శ్రీలంక తమిళుల కొట్లు, దోసెలు, ఇడ్లీలు, మల్లెపూలు కూడా. మూడు రోజుల్లో నాలుగుసార్లు వెళ్లాం. సాంబార్ మన రుచి కాదు, కారం మాత్రం మన లెక్కే. ఫ్రెంచ్ భోజనం గురించి నన్ను అడక్కండి, బాబాయి శాకాహారి.

మోన్‌మార్త్ర్ కొండ ఎక్కడానికి మోకాళ్లు ఉన్నవాళ్లకి రెండొందల పైచిలుకు మెట్లున్నాయి. లేనివాళ్లకి ఫ్యునిక్యులర్, అంటే వాలు మీద నడిచే కేబుల్ బండి ఉంది, ఒక మెట్రో టికెట్‌తో ఎక్కొచ్చు. మాకు అంతకంటే బాగా పనికొచ్చింది నలభై నంబర్ బస్సు. చిన్న బస్సు, సందుల్లో మలుపులు తిరుగుతూ కొండంతా చుట్టేస్తుంది. ఆబెస్ స్టేషన్‌లో దిగేవాళ్లు మాత్రం గోడల మీద బొమ్మలు బాగున్నాయి కదా అని మెట్లెక్కకండి. ప్యారిస్ మెట్రోలో అన్నిటికంటే లోతైన స్టేషన్ అది, 36 మీటర్లు. లిఫ్ట్ ఉంది, బుద్ధిగా ఎక్కండి.

మూలన్ రూజ్‌ని పగలు బయటినుంచి చూశాం. ప్లాస్ బ్లాంష్ దగ్గర బస్సుల హారన్ల మధ్య ఎర్ర గాలిమర. నిజానికి అక్కడ ఎన్నడూ పిండి ఆడింది లేదు, 1889లో తెరిచినప్పుడే జనాన్ని పిలవడానికి కట్టిన సెట్టింగ్ అది. ఆ పాత హాలు 1915లో కాలిపోయింది. ఇప్పుడున్నది తర్వాత కట్టి 1921లో తెరిచింది. 2024 ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున దాని రెక్కలు ఊడి రోడ్డు మీద పడ్డాయి, జూలైకల్లా కొత్తవి బిగించారు. ఇదంతా చెబుతుంటే బాబాయి, "అయితే లోట్రెక్ కూర్చున్న బల్ల ఇక్కడ లేదన్నమాట" అన్నాడు. లేదు. ఆయన కోసం ఒక బల్ల ఎప్పుడూ ఖాళీగా ఉంచేవారట. ఇప్పటి షో పెద్ద హంగామా, అరవై మంది ఆర్టిస్టులు, వెయ్యి కాస్ట్యూములు, షాంపేన్. చూసొచ్చిన స్నేహితులు బాగుందనే చెప్పారు. కానీ లోట్రెక్‌ని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకి ఆ డబ్బు ఆల్బీ రైలు టికెట్‌కి పెట్టమంటాను. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

అక్కడినుంచి ఎడమకి అయిదు నిమిషాలు నడిస్తే, వంతెన కింద మోన్‌మార్త్ర్ శ్మశానం. నిజంగానే రోడ్డు వంతెన సమాధుల మీదుగా పోతుంది. లోపల లా గులూ సమాధి ఉంది. టికెట్ లేదు, రద్దీ లేదు, గేటు దగ్గర మ్యాప్ చూసుకుని వెతుక్కోవాలి. మాకు ఇరవై నిమిషాలు పట్టింది. తన కాలంలో ప్యారిస్‌లో అందరికంటే ఎక్కువ సంపాదించిన డాన్సర్లలో ఒకతె. 1895లో మూలన్ రూజ్ వదిలి సొంతంగా తిరునాళ్లలో డేరా వేసింది, అది నడవలేదు. సర్కస్ జంతువుల్ని ఆడించింది. చివరికి మూలన్ రూజ్ ముందే వేరుశనక్కాయలు, సిగరెట్లు అమ్ముకుంది. 1929లో పోయింది. బాబాయి చెప్పులు విడిచి నిలబడ్డాడు. నాకు తను జ్యోతిలక్ష్మి కటౌట్‌కి పనిచేసిన రోజులు చెప్పాడు. క్లబ్ డాన్స్ ఉన్న సినిమా అయితే బ్యానర్లో ఓ మూలన డాన్సర్ బొమ్మ ఉండి తీరాలట. "ఎలా ఉన్నా పర్లేదు, నవ్వుతుండాలి. నవ్వు లేకపోతే బ్యానర్ వెనక్కొచ్చేసేది."

కొండ మీద మోన్‌మార్త్ర్ మ్యూజియం చిన్నది, పదిహేను యూరోలు. నాకు టికెట్ కాస్త ఎక్కువే అనిపించింది, అయినా వెళ్లమంటాను. చిత్రకారుడు రెన్వా 1876లో అద్దెకున్న ఇల్లు అది. తర్వాతి కాలంలో సూజాన్ వలదాన్ స్టూడియో కూడా అక్కడే. ఆవిడ చిన్నప్పుడు సర్కస్‌లో పనిచేసి, కిందపడి మానేసి, చిత్రకారులకి మోడల్‌గా నిలబడి, వాళ్లని చూస్తూ తానే చిత్రకారిణి అయింది. సూజాన్ అన్న పేరు పెట్టింది లోట్రెక్కేనట. మ్యూజియంలో క్యాబరేల పోస్టర్లు, నీడబొమ్మలాటల రేకు బొమ్మలు ఉన్నాయి. ఆ రేకు బొమ్మలు చూసి నేను తోలుబొమ్మలాట అనుకున్నాను, బాబాయి కాదన్నాడు. "మనవాటిలో రంగు కనిపిస్తుంది. ఇది ఉత్త నలుపు." కాసేపటికి డెంటిస్ట్ దగ్గరి పోస్టర్‌లో వెనకున్న నల్లటి జనం గుర్తొచ్చి, "అదిగో, వాళ్లు ఇక్కడినుంచి వచ్చారు" అన్నాడు. నిజమో కాదో గానీ నాకు నచ్చింది. ఈ కొండ మీదివాళ్లంతా అప్పట్లో జపాన్ చెక్క అచ్చు బొమ్మలంటే పడి చచ్చేవాళ్లు, ఆ నలుపుకి అది ఇంకో దారి.

తోట చివర నిలబడితే కింద ద్రాక్ష తోట, దాని అవతల గులాబీ రంగు గోడల లాపెన్ అజీల్. మేం చూసిన క్యాబరే అదే.

డాన్సర్లు లేని క్యాబరే. ఒక పాత ఇల్లు, పొగకి నల్లబడ్డ గోడలు, ఎర్ర దీపాలు, కత్తులతో పేర్లు చెక్కిన చెక్క బల్లలు. రాత్రి తొమ్మిదికి మొదలు. ఒక మనిషికి ముప్పై అయిదు యూరోల చిల్లర, అందులోనే సారాలో నానేసిన చెర్రీల గ్లాసు. భోజనం లేదు, కాబట్టి తినేసి వెళ్లండి. పియానో ముందు ఒకాయన, బల్ల చుట్టూ ఇద్దరు ముగ్గురు గాయకులు, మైకులు లేవు. పాటలన్నీ ఫ్రెంచ్. సగం మందికి ఆ పాటలు నోటికొచ్చు, కలిసి పాడతారు. మనకేం అర్థం కాదు. అయినా భజన మందిరంలో వెనక కూర్చున్నట్టుంటుంది, తాళం వేస్తే చాలు. బాబాయి చెర్రీలు నాకిచ్చేసి, నీళ్లు తాగుతూ పదకొండు దాకా కూర్చున్నాడు. కంటి చుక్కల సంగతి నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఈ ఇంటికీ లోట్రెక్‌కీ మధ్య ఒక మనిషి ఉన్నాడు, పాటగాడు అరిస్టీడ్ బ్రువాన్. నల్ల కోటు, పెద్ద టోపీ, మెడకి ఎర్ర స్కార్ఫ్, లోట్రెక్ పోస్టర్లలో బ్రువాన్ అంటే అంతే. 1892లో వేసిన పోస్టర్లో మనిషి సగం, కోటు సగం. బ్రువాన్‌కి కిందుగా బూలెవార్ మీద సొంత క్యాబరే ఉండేది, మిర్లిటోన్. అక్కడి ప్రత్యేకత, లోపలికి వచ్చిన ధనవంతులని మొహం మీదే తిట్టడం. తిట్టించుకోవడానికే జనం బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. "డబ్బులిచ్చి మరీనా!" అని బాబాయి ఆశ్చర్యపోయాడు. తర్వాత ఈ లాపెన్ అజీల్‌ని కూల్చేయబోతే ఆ బ్రువానే కొని నిలబెట్టాడు. మా బల్ల దగ్గర మాత్రం ఎవరూ తిట్టలేదు. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరున్న ఆవిడ బాబాయికి వంగి నమస్కారం పెట్టింది.

మర్నాడు గురువారం. ఓర్సే మ్యూజియం గురువారాలు రాత్రి తొమ్మిది నలభై అయిదు దాకా తెరిచి ఉంటుంది, ఆరు తర్వాత టికెట్ కూడా తగ్గుతుంది. పగలైతే ఆన్‌లైన్లో పదహారు యూరోలు. పగలు వెళ్లిన స్నేహితులు క్యూల గురించి కథలు చెబుతారు, మేం సాయంత్రం ఆరున్నరకి వెళ్లి పది నిమిషాల్లో లోపలున్నాం. వీల్‌చెయిర్ ఉచితంగా ఇస్తారు, బాబాయి ఒప్పుకోలేదు గానీ అది లేకుండా రెండు గంటలకి మించి నడవలేకపోయాడు. సోమవారం సెలవు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. లా గులూ తిరునాళ్లలో డేరా వేసిందన్నాను కదా. 1895లో ఆ డేరా ముఖద్వారానికి బొమ్మలు గీసివ్వమని లోట్రెక్‌కి ఉత్తరం రాసింది. ఆయన రెండు పెద్ద గుడ్డల మీద గీసిచ్చాడు, ఒక్కొక్కటి దాదాపు మూడు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. ఒకదాంట్లో మూలన్ రూజ్‌లో ఆమె పాత రోజులు, తన పక్కన ఎముకలు లేనట్టు ఒంగే వాలెంటిన్. రెండోదాంట్లో ఆమె కొత్త డాన్స్, ముందు వరసలో వీపులు మనవైపు పెట్టి నిలబడ్డ ప్రేక్షకులు. ఆ వీపుల్లో ఒకటి ఆస్కార్ వైల్డ్‌ది, ఒక చిన్న వీపు లోట్రెక్‌ది. డేరా పోయింది, గుడ్డలు చేతులు మారాయి. 1926లో ఒక వ్యాపారి వాటిని ముక్కలుగా కోసి అమ్మకానికి పెట్టాడు. 1929లో ముక్కలన్నీ ప్రభుత్వం చేతికొచ్చి, మళ్లీ కలిపారు. అతుకులు ఇప్పటికీ కనిపిస్తాయి.

బాబాయి ఆ రెంటి ముందూ నలభై నిమిషాలు నిలబడ్డాడు. మధ్యలో ఒకసారి కూర్చోమన్నాను, వినలేదు.

"ఇది బ్యానరేనే" అన్నాడు మెల్లగా. "పెయింటింగ్ కాదు. బ్యానరు. చూడు, పలచగా వేశాడు, గుడ్డ కనిపిస్తోంది. దూరం నుంచి చూడాల్సినవాటికి మందంగా వేయక్కర్లేదు. వర్షం వస్తే తీసేయాలి, ఎండకి ఆరాలి. తెలిసి గీశాడు."

గార్డు దగ్గరికి వచ్చి గీత దాటొద్దని సైగ చేశాడు. బాబాయి ఒక్క అడుగు వెనక్కి వేసి, చేతులు వెనక్కి కట్టుకుని, వేళ్లతోనే గాల్లో గళ్లు కొలుస్తున్నాడు. చిన్న ఫొటో మీద గళ్లు కొట్టి, అవే గళ్లు పెద్ద గుడ్డ మీద కొట్టి, గడి గడికీ గీసుకుంటూ పోవడం ఆయన పద్ధతి. నేను చిన్నప్పుడు చూశాను, ముందు రోజు ఒక కన్ను, మర్నాడు మీసం. ఈ గుడ్డల మీద గళ్లు లేవు. "ఒకేసారి చేయి తిప్పేశాడు" అన్నాడు. అందులో మెచ్చుకోలూ ఉంది, కొంచెం అసూయా ఉంది.

తర్వాత నాకు తెలియని సంగతి ఒకటి చెప్పాడు. సినిమా ఎత్తేశాక బ్యానర్ గుడ్డ మీద మళ్లీ తెల్లరంగు కొట్టి, దాని మీదే ఇంకో సినిమా గీసేవాళ్లట. "నా బొమ్మలన్నీ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైదాన్ని వానకి బియ్యం బస్తాల మీద కప్పేవాళ్లు." ముక్కలు చేసి అమ్మినా సరే, వెతికి అతికించుకున్నారే అని ఆయన బాధో సంతోషమో నాకు తెలియలేదు.

అదే మ్యూజియంలో జాన్ అవ్రిల్ డాన్స్ చేస్తున్న బొమ్మ ఉంది. అట్టముక్క మీద పలచటి నూనె రంగు, అట్ట రంగే నేల అయిపోయింది. కాళ్లు ఎగురుతున్నాయి, మొహం మాత్రం ఎక్కడో ఉంది. కళ్లు కిందికి, పెదవులు బిగించి. "ఈ పిల్లకి ఇంట్లో ఏదో కష్టం ఉంది" అన్నాడు బాబాయి. శ్మశానంలో ఆయన చెప్పిన నవ్వు మాట గుర్తొచ్చింది. లోట్రెక్ తీసేసింది సరిగ్గా ఆ నవ్వునే. టికెట్ కొన్నవాళ్లకి కనిపించేది నవ్వు. రోజూ అదే బల్ల దగ్గర కూర్చునేవాడికి అది అతికించిన నవ్వని తెలిసిపోతుంది. అందుకే ఆయన డాన్సర్లు అలసిపోయి ఉంటారు, ఆలోచిస్తూ ఉంటారు, ఇంటికి పోతూ ఉంటారు. ఇవాళ్టి షో టికెట్ కంటే ఆల్బీ టికెట్ మేలన్నది ఇందుకే.

ప్యారిస్ మోన్‌పర్నాస్ నుంచి తులూజ్‌కి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో నాలుగున్నర గంటలు. అక్కడ మారి ఇంకో గంట లోకల్ రైలు. డబ్బు మిగుల్చుకోవాలంటే ఆస్టర్లిట్జ్ నుంచి తులూజ్‌కి రాత్రి రైలు ఉంది, పెద్దవాళ్లతో అయితే ఆ బెర్తుల జోలికి వెళ్లకండి.

ఆల్బీలో దిగగానే బాబాయి అన్న మాట, "ఇదేంటి, ఇటుకల బట్టీలా ఉంది ఊరు." ఊరంతా ఎర్ర ఇటుక. దాని మధ్యలో కోటలా, కిటికీలు సన్నగా, గోడలు ఏటవాలుగా, ఒక పెద్ద చర్చి. సెంట్ సెసీల్. 1282లో మొదలుపెట్టి రెండొందల ఏళ్లు కట్టారు. చర్చిని ఎదిరించిన కాథార్లు అనే క్రైస్తవ శాఖ మీద పోపు సేనలు చేసిన యుద్ధం తర్వాత కట్టింది కాబట్టే ఆ కోట రూపం. బయట ఎంత బిగుసుకుని ఉంటుందో లోపల అంత రంగులమయం. పడమటి గోడకి పదిహేనో శతాబ్దపు నరకం బొమ్మలు, పాపుల్ని వేయించడం, మింగడం, అన్నీ వివరంగా. మన గుళ్లలో గరుడ పురాణం బొమ్మలు చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మధ్యలో ఉండాల్సిన క్రీస్తు బొమ్మ లేదు, తర్వాత ఒక చిన్న గుడికి దారి కోసం గోడని అక్కడే తొలిచేశారు. ప్రవేశం ఉచితం, లోపలి భాగానికి మాత్రం చిన్న టికెట్.

ఇక్కడ బస నాకు నచ్చింది. నది ఇటు ఒడ్డున, పాత వంతెన చివర ఒక ఇంట్లో గది. గ్రౌండ్ ఫ్లోర్, ప్యారిస్ ధరలో సగం. ఇంటావిడ ఉదయం రొట్టె, జామ్, కాఫీ పెట్టింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, బాబాయికి ఫ్రెంచ్ రాదు, ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఊళ్లో ఇబ్బంది ఒకటే, మధ్యాహ్నం రెండు దాటితే వంట కట్టేస్తారు. మొదటి రోజు రెండుంబావుకి వెళ్లి నాలుగు చోట్ల తిరిగి, చివరికి బేకరీలో మిగిలిన రొట్టెముక్కతో సరిపెట్టుకున్నాం. పన్నెండున్నరకే కూర్చోండి.

మ్యూజియం చర్చి పక్కనే, బిషప్పులు కట్టుకున్న పాత కోట బెర్బీలో ఉంది. లోట్రెక్ 1864లో ఈ ఊళ్లోనే, కౌంట్ల వంశంలో పుట్టాడు. తల్లిదండ్రులు అక్కచెల్లెళ్ల పిల్లలే. పదమూడు పద్నాలుగేళ్ల వయసులో రెండు తొడ ఎముకలూ ఒకదాని తర్వాత ఒకటి విరిగాయి, ఆ తర్వాత కాళ్లు పెరగలేదు. పెద్దయ్యాక ఎత్తు అయిదడుగులే. గుర్రాలు, వేట, ఇదీ తండ్రి లోకం, అందులో కొడుక్కి చోటు లేకపోయింది. తాగుడు, జబ్బు కలిసి 1901లో ముప్పై ఆరేళ్లకే పోయాడు. ప్యారిస్ మ్యూజియంలు ఆయన బొమ్మల మీద పెద్దగా ఆసక్తి చూపకపోతే తల్లి, స్నేహితుడు మోరిస్ జ్వయాన్ కలిసి సొంత ఊరికి ఇచ్చేశారు. 1922లో మ్యూజియం తెరిచారు. వెయ్యికి పైగా బొమ్మలు, ఆయన వేసిన పోస్టర్లు ముప్పై ఒకటీ ఇక్కడే. టికెట్ పది యూరోల చుట్టూ. లిఫ్ట్ ఉంది, ఇది నిజంగా అన్ని అంతస్తులకీ వెళ్తుంది. వెళ్లేముందు సోమవారం తెరిచి ఉంటుందో లేదో చూసుకోండి.

డెంటిస్ట్ దగ్గరి పోస్టర్‌కి బొగ్గుతో వేసుకున్న పెద్ద స్కెచ్ ఇక్కడ కనిపించింది. అచ్చయిన పోస్టర్ దాదాపు రెండు మీటర్ల ఎత్తు, మూడు కాగితాలు అతికించింది. "చెప్పలేదూ, త్రీ షీటరని" అని బాబాయి నావైపు చూశాడు. రాయి మీద ఒక్కో రంగుకి ఒక్కోసారి అచ్చు కొట్టాలి కాబట్టి లితోలో రంగులు తగ్గించుకోవాలి. మన సినిమా పోస్టర్లూ ఒకప్పుడు లితోలోనే వచ్చేవి, బాబాయికి ఆ లెక్క నోటికి వచ్చు. నాలుగు రంగుల్లో పని కానిచ్చి, మిగతాది కాగితం తెలుపుకే వదిలేశాడని చూపించాడు. ఆమె గౌను తెల్లరంగు కాదు, ఖాళీ కాగితం. లోట్రెక్ ఇంకో చిట్కా, పళ్ల బ్రష్షుతో రంగు చిమ్మి తుంపర వేయడం. "అది మేమూ చేసేవాళ్లం, ఆకాశానికి" అన్నాడు.

పాటగత్తె ఈవెత్ గిల్బెర్ బొమ్మ పక్కనే ఉంది. మోచేతులు దాటిన నల్ల గ్లోవ్స్, సాగదీసిన గడ్డం. 1894లో పోస్టర్ కోసం గీసి చూపిస్తే, దేవుడి మీద ఒట్టు, ఇంత వికారంగా గీయకండి బాబూ అని ఉత్తరం రాసి తిప్పి పంపింది. ఇది చదివి వినిపించినప్పుడు బాబాయి పడీపడీ నవ్వాడు. ఆయనకి ఏ హీరో నుంచి ఎలాంటి కబురు వచ్చిందో చెప్పాడు గానీ అది ఇక్కడ రాయలేను.

ఆ తర్వాతి గదికి నేను భయపడ్డాను. అక్కడ ఉన్నది 1894 నాటి పెద్ద బొమ్మ, మూలాన్ వీధిలోని వేశ్యాగృహం ముందుగది. ఎర్రటి సోఫాలు, వాటి మీద ఆడవాళ్లు. బాబాయి ఆకాశం కేసి చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు. అందులో మగవాడెవరూ లేడు. ఎవరి కోసమో ఎదురుచూస్తూ కూర్చున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ముందున్న అమ్మాయి ఒక కాలు మడిచి సోఫా మీద పెట్టుకుంది. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న యజమానురాలు నిటారుగా. కుడి చివర ఒకామె బొమ్మ అంచుకి సగం తెగిపోయింది.

"మేకప్ గది ఇలాగే ఉండేది" అన్నాడు బాబాయి. రికార్డింగ్ డాన్సుల వాళ్ల డేరాలకి తెరలు గీయడానికి వెళ్లేవాడట, పెళ్లికి ముందు. "ఆట మొదలవడానికి గంట ముందు ఇలాగే కూర్చునేవాళ్లు. ఒకమ్మాయి కాలు ఇలాగే మడుచుకునేది. నేను తెర గీసి, డబ్బులు తీసుకుని వచ్చేసేవాణ్ని. వాళ్లని గీయాలని తోచలేదు."

అంచుకి తెగిపోయిన ఆవిడ దగ్గరే ఎక్కువసేపు ఉన్నాం. తర్వాత వెనక తోటలో కూర్చున్నాం, కింద తార్న్ నది, పాత వంతెన. తోటకి టికెట్ అక్కర్లేదు. ఆల్బీకి ఒక్క పూట చాలని చాలామంది రాస్తారు. తులూజ్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం పోవచ్చు, నిజమే. మేం రెండో రోజు మళ్లీ టికెట్ కొనుక్కుని వెళ్లాం, అది దండగ ఖర్చని నాకు అనిపించలేదు.

మ్యూజియం షాపులో బాబాయి తన సొంత డబ్బుతో కొన్నది ఒకటే, లా గులూ పోస్టర్ కాపీ, అట్ట గొట్టంలో చుట్టించి. బేరమాడబోయాడు, నేను ఆపాను. ఆ గొట్టం రైళ్లన్నిటిలో ఆయన ఒళ్లోనే ఉంది. రెండు వారాల తర్వాత ఇండియా విమానం ఎక్కించేటప్పుడు కూడా బ్యాగులో పెట్టనివ్వలేదు. శంషాబాద్‌లో దిగి ఫోన్ చేసి చెప్పాడు, కస్టమ్స్ దగ్గర ఒకమ్మాయి ఆపి అందులో ఏముందని అడిగిందట.

"ఏం చెప్పావ్ బాబాయ్?"

"వాల్‌పోస్టరన్నాను. ఏ సినిమాదీ అనడిగింది."